మందు సీసా మీద 'ఎక్స్‌టర్నల్' అంటే ఏమిటి?



నొప్పులకు రాసే నూనె సీసా మీద, గజ్జికి పూసే లోషన్ మీద 'ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ' అని ఉంటుంది. పైపూత మందుల మీద ఈ మాట తప్పక ముద్రించాలని మన దేశంలోని 1945 నాటి ఔషధ నియమాలు చెబుతున్నాయి. కానీ ఇంగ్లీషు రాని వారికి అది అర్థమయ్యేదెలా?

మాట పుట్టుక

లాటిన్ భాషలో 'ఎక్స్' అంటే లోపలి నుండి బయటికి అని అర్థం. దాని నుండి 'ఎక్స్‌టెర్నుస్' వచ్చింది. సుమారు 15వ శతాబ్దంలో అది ఇంగ్లీషులో 'ఎక్స్‌టర్నల్' అయింది. మనం రోజూ వాడే 'ఎక్స్‌ట్రా' దీనికి తోబుట్టువే. దీనికి వ్యతిరేక పదం 'ఇంటర్నల్'. 'బాహ్య' అనేది సంస్కృతం నుండి వచ్చిన మాట. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బజార్లలో ఉర్దూలో వినబడే 'బాహర్' కూడా ఆ కుటుంబానిదే. 'బయట', 'వెలుపల' మన తెలుగు మాటలు.

చోటును బట్టి అర్థం

పరీక్షలకు వేరే కాలేజీ నుండి వచ్చే అధికారిని 'ఎక్స్‌టర్నల్' అంటారు. విరిగిన కాలి ఎముకను చర్మం బయట కడ్డీలతో బిగిస్తే అది 'ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్'. డాక్టర్ల లెక్కలో చెవి డొప్ప మొదలు కర్ణభేరి వరకు ఉన్నదంతా బయటి చెవే. అలాగని పైపూత మందును చెవిలో పోయరాదు. కొన్ని కంటి చుక్కల, చెవి చుక్కల మీద కూడా ఇదే మాట ఉంటుంది. అక్కడ దాని అర్థం, మింగకూడదని. కాబట్టి ఏ మందైనా డాక్టరు చెప్పిన చోటనే వాడాలి.

బయటిదే కదా అనుకోవద్దు

చర్మం గోడ కాదు. పత్తి చేలలో పురుగుమందు కొట్టేటప్పుడు బట్టలు తడిస్తే విషం చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది. వెంటనే ఆ బట్టలు తీసివేసి, సబ్బుతో బాగా కడుక్కోవాలి. పసిపిల్లల చర్మం పలుచన గనుక వారికి మందు ఎక్కువగా ఇంకుతుంది. కర్పూరం నూనె మింగితే పిల్లలకు ఫిట్స్ రావచ్చు. నొప్పి నూనెల్లో వాడే మిథైల్ సాలిసిలేట్ చిక్కగా ఉంటే ఒక టీస్పూను కూడా ప్రాణాపాయమే.

గుర్తుంచుకోండి

• పైపూత మందులను, తాగే మందులను వేర్వేరుగా, పిల్లలకు అందని చోట పెట్టండి.
• కూల్‌డ్రింక్ సీసాలలో మందులు, కిరోసిన్, పురుగుమందు పోసి ఉంచవద్దు.
• పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేయండి. ఆ సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి రండి. అందులో ఏముందో తెలిస్తే చికిత్స త్వరగా మొదలవుతుంది.
• మందు కొనేటప్పుడు, "ఇది తాగేదా, పూసేదా?" అని అడగడానికి మొహమాటపడవద్దు. తాగని సీసా మీద ఇంట్లో చదువుకునే పిల్లల చేత 'పూతకే' అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి.