లోహ రసాయనము – పరిశోధక యువకులు

ఎం.యస్సీ. పరీక్షయందు కృతార్థుడైన విద్యార్థి యిల్లు చేరినంతనే పెద్దలు వేయు ప్రశ్న యొక్కటే: “ఇక ఉద్యోగ మెప్పుడు?” పరిశోధనకు పోయెదనని అతడు పలికినచో “మఱి యైదేండ్లా!” యని వారు నిట్టూర్తురు. ఆ నిట్టూర్పునకు కారణము లేకపోలేదు. అయినను ఆ యైదేండ్లలో నేమి సాధింపవచ్చునో విచారింపకయే వలదనుట న్యాయము కాదు.

రసాయనశాస్త్రమున నొక శాఖను గైకొందము. లోహ పరమాణువు నడుమ నుండగా ఇతర అణువులు దాని చుట్టును కుదురుకొనుటచే నేర్పడు పదార్థములను సమన్వయ సమ్మేళనము లందురు. లోహము కర్బనముతో నేరుగా బంధింపబడినచో నవి కర్బన లోహ సమ్మేళనములు. మన నెత్తురులోని ఇనుమును, ఆకులలోని మెగ్నీషియమును ఇట్లు కుదురుకొన్నవే. నేడు అర్బుదవ్యాధి చికిత్సకు వాడు సిస్‌ప్లాటిన్ ఈ కోవలోనిదే. అది 1844లోనే తయారైనను, కణవిభజన నడ్డగించు దాని శక్తి 1965 వఱకు లోకమునకు తెలియరాలేదు.

ఈ శాఖకు మూలపురుషుడు జ్యూరిక్ నగరమున బోధించిన ఆల్ఫ్రెడ్ వెర్నర్. 1893లో ఇరువదియాఱేండ్ల వయసున నాతడు తన సిద్ధాంతమును ప్రకటించెను. దానికి బలమైన సాక్ష్యము దొరకినది 1911లో. ఆ సాక్ష్యమును చేకూర్చినవాడు ఆతని శిష్యుడును, డాక్టరు పట్టమునకై శ్రమించుచున్న విద్యార్థియు నగు విక్టర్ కింగ్. రెండేండ్లకు, అనగా 1913లో, వెర్నరునకు నోబెల్ బహుమానము లభించెను. సిద్ధాంతము గురువుదైనను, దానిని నిలిపినది శిష్యుని ఓర్పు. మన దేశమునను 1943లో కలకత్తాలో ప్రియదారంజన్ రాయ్, దత్తు గార్లు ఇట్టి సమ్మేళనములు ఎడమ రూపమునుండి కుడి రూపమునకు మాఱు తీరు నొకదానిని వివరించిరి. అది నేటికిని వారి పేరనే వ్యవహరింపబడుచున్నది.

నేటి యువకుని ముందున్న ప్రశ్న మఱింత గంభీరమైనది. ఔషధముల తయారీయందు పల్లాడియము ఉత్ప్రేరకముగా మిక్కిలి వాడుకలో నున్నది. ఆ విద్యను నెలకొల్పిన ముగ్గురు 2010లో నోబెల్ బహుమానము పొందిరి. కాని పల్లాడియము అధికభాగము రష్యా, దక్షిణాఫ్రికా గనులనుండి రావలసినదే. ఇనుమును మాంగనీసును మనకు గలవు; విజయనగర మండలమున మాంగనీసు త్రవ్వకము నూఱేండ్లకు మించిన వృత్తి. ఈ చవుక లోహములచేత ఆ విలువైన లోహపు పని చేయింపగలమా? లోకమున పెక్కు ప్రయోగశాలలు దీనికై కృషి సల్పుచున్నవి. ఇది సులభసాధ్యము కాదు గనుకనే పరిశోధకులు కావలెను.

తావులకు కొదువ లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయము, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, హైదరాబాదు ఐ.ఐ.టి., తిరుపతి ఐసర్ మొదలగు చోట్ల రసాయనశాస్త్రమున డాక్టరు పట్టమునకు పరిశోధన జరుగుచున్నది. సి.యస్.ఐ.ఆర్. వారి నెట్ పరీక్షలో జూనియర్ పరిశోధక వేతనమునకు అర్హులైన వారికి 2023 జనవరి నుండి నిర్ణయమైన మొత్తము తొలి రెండేండ్లు నెలకు 37,000 రూపాయలు, పిమ్మట 42,000 రూపాయలు. గేట్ పరీక్ష ద్వారమునను పెక్కు సంస్థలు చేర్చుకొనుచున్నవి.

అయితే సంస్థ పేరు చూచి మురియుట చాలదు. ఈ సమ్మేళనములలో పెక్కు గాలి సోకినంతనే చెడును. నత్రజని లేక ఆర్గాను నడుమ పనిచేయు ఏర్పాటు లేనిచో నెలల శ్రమ యొక్క క్షణమున వ్యర్థమగును. కావున చేరుటకు ముందే ప్రయోగశాలను స్వయముగా చూడవలెను. అచటి పాత విద్యార్థులతో మాటాడవలెను. గురువు ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారో అడిగి తెలిసికొనవలెను.

అధికారులకును ఒక మాట. అధ్యాపకస్థానములు నిండనిచో శిష్యులకు గురువు లెక్కడ? వేతనము నెలనెల చేతి కందనిచో పేదయింటి బిడ్డ ప్రయోగశాలలో నెట్లు నిలుచును? పరికరములకు ధనము గుమ్మరించి, వానిని నడపు మనుష్యుని మఱచుట వివేకము కాదు. ప్రభుత్వము తన ధర్మమును నెఱవేర్చినచో, పెద్దలు నిట్టూర్పు మాని బిడ్డను దీవించి పంపగలరు.