అంతా కలిపే... అమ్మకు సెలవు కలిసిందా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే పిల్లలకు సంబరం. శ్రీవారికి ఖర్చుల లెక్క. మరి ఇల్లాలికి? ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచే పొయ్యి మీది నుంచి మూకుడు దిగదు. సకినాలు, గారెలు, దారిలోకి పులిహోర. వెళ్ళిన చోట వడ్డన. తిరిగొచ్చాక మాసిన బట్టల మూట. ఊరెళ్ళొచ్చామన్న మాటేగానీ ఆమెకు దక్కిన విశ్రాంతి ఎంత?

అందుకే ప్యాకేజీ కాగితం మీద 'ఆల్ ఇన్‌క్లూజివ్' అన్న మాట కనిపిస్తే ఆడవాళ్ళ చూపు అక్కడే ఆగిపోతుంది. గది, మూడు పూటలా తిండి, పిల్లల ఆటపాటలు... అన్నిటికీ ఒకేసారి డబ్బు కట్టేయడం. "అంతా అండ్లనే ఉన్నదట వదినె, మనం వండేది లేదు, తోమేది లేదు" అని మాక్లూర్‌లోనో, బోధన్‌లోనో ఒకరితో ఒకరు చెప్పుకుంటే ఆశ్చర్యమేముంది? అయితే డబ్బు కట్టే ముందు ఆ 'అంతా'లో ఏముందో, ఏం లేదో తెలుసుకోవద్దూ!

ఎక్కడ మొదలైంది?

1950లో మధ్యధరా సముద్రంలోని మజోర్కా ద్వీపంలో గెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు 'క్లబ్ మెడ్' పేరుతో ఒక విడిది పెట్టాడు. గుడారాల్లో బస, అందరికీ కలిపి భోజనం, ఆటలు, అన్నిటికీ కలిపి ఒకే ధర. ఆ పద్ధతికి బాగా పేరొచ్చింది మాత్రం కరీబియన్ ద్వీపాల్లోనే. జమైకాలో బుచ్ స్టీవర్ట్ 1981లో తెరిచిన 'శాండల్స్' హోటల్ అందుకు పెద్ద ఉదాహరణ. అది జంటలకే. పిల్లాపాపలతో వెళ్ళే కుటుంబాల కోసం ప్రత్యేక హోటళ్ళు ఆ తరవాత వచ్చాయి.

ఇలాంటి చాలా హోటళ్ళలో దిగగానే చేతికి ఒక పట్టీ కడతారు. అది ఉంటే చాలు, ఏ పూటకాపూట వెళ్ళి కావలసింది వడ్డించుకోవచ్చు. పిల్లల్ని ఆడించడానికి వేరే మనుషులుంటారు.

అయితే కరీబియన్ మనకు చాలా దూరం. అమెరికా మీదుగా వెళ్తే అక్కడ విమానం మారడానికి కూడా అమెరికా వీసా ఉండాలి. పైగా అక్కడ జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం.

చెరకు పొలాల మధ్య మనవాళ్ళు

అలాంటి సెలవే కాస్త దగ్గర్లో కావాలంటే మారిషస్ ఉంది. నిజామాబాద్‌లో దేవగిరి ఎక్కితే ముంబాయి. అక్కడి నుంచి విమానంలో సుమారు ఆరు గంటలు. తిరుగు టికెట్టు, బస వివరాలు, ఖర్చులకు సరిపడా డబ్బు చూపిస్తే భారతీయ పర్యాటకులకు దిగిన చోటే రుసుము లేకుండా వీసా ఇస్తారు. మన ఎండాకాలం అక్కడ చల్లబడే కాలం. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం తుపాన్ల భయం ఎక్కువ.

ఆ దీవికీ, బోధన్ ప్రాంతానికీ ఒక పోలిక ఉంది. అదే చెరకు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా మన ఊళ్ళ బతుకులు చెరకు బండ్లతోనే ముడిపడి ఉండేవి. 1834 తరవాత కూలి ఒప్పందాల మీద మారిషస్‌కు వెళ్ళిన భారతీయులు నరికిందీ చెరకే. వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా వాళ్ళకక్కడ 'కోరంగి' అనే పేరు వచ్చింది. నేటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. ఆ కూలీలు ఓడ దిగిన పోర్ట్ లూయీలోని 'ఆప్రవాసీ ఘాట్'ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రంలో ఆడుకున్నాక ఒక పూట పిల్లల్ని అక్కడికీ తీసుకెళ్ళండి.

కాగితం మీది అక్షరాలు

ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఇ.పి. అని ఉంటే గది మాత్రమే. సి.పి. అంటే గదితో పాటు ఉదయం టిఫిను. ఎం.ఎ.పి. అంటే టిఫిను, ఇంకొక పూట భోజనం. ఎ.పి. అంటే మూడు పూటలా. 'ఆల్ ఇన్‌క్లూజివ్' అంటే వీటికి తోడు పానీయాలు, కొన్ని ఆటలు కూడా. ఆ పానీయాల్లో సాధారణంగా మద్యం ధర కూడా కలిసి ఉంటుంది. ఇంట్లో ఎవరూ తాగనప్పుడు ఆ డబ్బు దండగే కదా! అలాంటి వారికి ఎం.ఎ.పి. నయం కావచ్చు. రెండు ధరలూ అడిగి పోల్చుకోండి.

ఇవి కూడా అడగండి:

* విమానం టికెట్లు ఈ ధరలో ఉన్నాయా? విమానాశ్రయం నుంచి హోటల్‌కు బండి ఎవరిది?

* శాకాహారం సంగతి బుక్ చేసేటప్పుడే రాయించారా?

* ఏ వయసు పిల్లలకు ఎంత? మంచం వేరుగా ఇస్తారా?

* బట్టలు ఉతికించడం, ఊరు చూడటం వేరే ఖర్చా?

* ప్రయాణం మానుకుంటే ఎంత తిరిగిస్తారు?

* విదేశీ ప్యాకేజీ మీద పట్టుకునే పన్నుకు రసీదు ఇస్తారా? ఆదాయపు పన్ను లెక్కలో అది సర్దుబాటవుతుంది.

గది ఊడ్చి, పక్క దులిపేది కూడా సాధారణంగా మనలాంటి ఒక ఇల్లాలే. ఆమెకిచ్చే బక్షీసు ముందే లెక్కలో వేసుకోండి. ఇక రైస్ కుక్కర్ మాత్రం పెట్టెలో సర్దకండి. అది వెంట వచ్చిందంటే వంటిల్లు వచ్చినట్టే!

అంత డబ్బెక్కడిది అంటారా?

నిజమే, చీటీ డబ్బుతో అందరూ విమానం ఎక్కలేరు. ఇదే పద్ధతిలో మన దగ్గరా ప్రయాణాలున్నాయి. ఐ.ఆర్.సి.టి.సి. 2023 మార్చి నుంచి సికింద్రాబాద్ కేంద్రంగా 'భారత్ గౌరవ్' యాత్రా రైళ్ళు నడుపుతోంది. మొదటిది పూరీ, కాశీ, అయోధ్యలకు వెళ్ళింది. రైలు, బస, బస్సు, శాకాహార భోజనం అన్నీ ధరలోనే. ప్రవేశ రుసుములు, పడవ షికారు వేరు. అత్తగారు, అమ్మ వెంట ఉన్నా వాళ్ళ కాఫీ, టిఫిన్ల బాధ్యత మీది కాదు.

అదీ కుదరదంటే? బీడీలు చుట్టే చెల్లెలికి ఒక రోజు సెలవంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆ రోజైనా పూర్తిగా ఆమెకే దక్కాలి. 1931లో కట్టిన అలీసాగర్ నిజామాబాద్‌కు దగ్గర్లోనే ఉంది. చెరువు, తోట, గుట్ట, చల్లని గాలి. అక్కడికి వెళ్ళే రోజు తెల్లవారుజామున లేచి డబ్బాలు నింపకండి. భోజనం బయట కొనుక్కోండి. లేదా ఆ పూట వంట శ్రీవారికీ, పిల్లలకూ అప్పగించండి. ఉప్పు కాస్త ఎక్కువైనా ఏమీ అనకుండా తినండి! తిరిగొచ్చాక గిన్నెలు తోమేదెవరో కూడా బయల్దేరే ముందే తేల్చుకోండి.

మారిషస్ అయినా, అలీసాగర్ అయినా ఖర్చు లెక్క రాసేటప్పుడు కింద ఇంకొక గీత గీసి, 'అమ్మకు ఎన్ని పూటలు సెలవు?' అని రాయండి. అక్కడ సున్నా వస్తే ఆ ప్రయాణం ఏర్పాట్లు మార్చాల్సిందే.