జొన్నమల్లె: నేలలో దాగిన పరాన్నజీవి

రాయచోటి ప్రాంతపు ఎర్రనేలల్లో జొన్న, సజ్జల స్థానాన్ని చాలావరకు వర్షాధార వేరుశనగ ఆక్రమించింది. దానితో జొన్న మొదళ్ల చుట్టూ తెల్లని చిన్న పూలతో కనిపించే జొన్నమల్లె కూడా కంటికి దూరమైంది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్న తరువాత రైతుల దృష్టి మళ్లీ ఈ పంటలవైపు మరలుతున్నది. ఈ సందర్భంలో గుర్తించవలసిన విషయం ఒకటున్నది: పువ్వు కనిపించనంత మాత్రాన నేలలో విత్తనం లేదని కాదు.

స్ట్రైగా ఏసియాటికా అనే శాస్త్రనామం గల ఈ మొక్క పాక్షిక పరాన్నజీవి. ఆకులు పచ్చగానే ఉన్నా నీటిని, పోషకాలను అతిథేయి మొక్క వేళ్లనుండే గ్రహిస్తుంది. దీని విత్తనం పొడవు సుమారు 0.3 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్కొక్క మొక్క వేలాది విత్తనాలను రాల్చగలదు. అవి నేలలో పదేళ్లకు పైగా జీవించి ఉండగలవు.

ఇంత చిన్న విత్తనంలో నిల్వ ఆహారం అత్యల్పం. మొలకెత్తిన కొద్ది రోజుల్లో అతిథేయి వేరు అందకపోతే మొలక చనిపోతుంది. అందుకే తగిన తేమ, వెచ్చదనం లభించినా, వేరు సమీపంలో ఉన్నదన్న రసాయన సంకేతం అందేవరకు అది వేచి ఉంటుంది. స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలే ఆ సంకేతం. భాస్వరం కొరవడిన నేలలో, దానిని వేళ్లకు అందించే మైకోరైజా శిలీంధ్రాలను ఆహ్వానించడానికి పంట వీటిని అధికంగా స్రవిస్తుంది. మిత్రునికై పంపిన పిలుపును శత్రువు కూడా వింటుంది. కనుకనే నిస్సారమైన నేలల్లో ఈ సమస్య తీవ్రం.

మొలక చూషకం ద్వారా వేరులోకి చొచ్చుకొని, కొన్ని వారాలు నేలలోనే పెరుగుతుంది. నష్టం చాలావరకు అప్పుడే జరుగుతుంది. నేలలో తేమ ఉన్నా పైరు వాడినట్లు కనిపించడం వల్ల దానిని బెట్టగా పొరబడే ప్రమాదం ఉన్నది.

వేరుశనగ, పత్తి, అలసంద వేళ్ల స్రావాలు కూడా ఈ విత్తనాలను మొలకెత్తిస్తాయి. కాని ఆ వేళ్లపై మొలక బతకలేదు. స్ట్రైగాల్ అనే పదార్థాన్ని 1966లో తొలిసారి వేరుచేసినది పత్తి వేళ్ల స్రావాలనుండే. కాబట్టి వేరుశనగతో పంటమార్పిడి విత్తన నిల్వను తగ్గిస్తుంది, అయితే ఒకటి రెండు ఏళ్లలో పూర్తిగా తొలగించలేదు.

జొన్న మళ్లీ వేసే రైతులు పశువుల ఎరువు, సిఫారసు మేరకు నత్రజని, భాస్వరం అందించాలి. సోకిన పొలంనుండి విత్తనం తీసుకోరాదు. జొన్నమల్లె కనిపించిన వెంటనే, పూతకు ముందే పీకి కాల్చివేయాలి. ఒక్క మొక్కను గింజకట్టనిచ్చినా దాని ఫలితం పదేళ్లపాటు ఆ నేలను వెంటాడుతుంది.