హగరి మళ్ళీ ఏరు కాగలదా?



కోస్తా జిల్లాల పిల్లవానికి ఒక కాగితమిచ్చి ఏటి బొమ్మ వేయమంటే నీలిరంగు తీసుకుంటాడు. మన ఆలూరు పక్క పిల్లవాడు ఇసుకరంగు తీసుకుని, నడుమ నాలుగు కంపచెట్లు, రెండు ట్రాక్టరు చాళ్ళు గీస్తాడు. వాడు అబద్ధం గీయలేదు. వాడు పుట్టినది మొదలు చూసిన ఏరు అదే. సంవత్సరములో ఎక్కువ రోజులు ఎండి ఉండి, ఎప్పుడో ఒక రాత్రి పైనుండి నీళ్ళు వచ్చి ఒడ్లు కోసుకుపోయే ఏరు.

అయితే ఏరు ఎప్పుడూ ఇలాగే ఉండినదా? చెడిపోయిన ఏరు మళ్ళీ బాగుపడుతుందా? ఇది ఇంజనీర్లు మాత్రమే ఆలోచించవలసిన సంగతి కాదు. ఒడ్డు మీది గ్రామాల కుటుంబాలలో బోరు ఎండినా, పొలము కోసుకుపోయినా, పనులు లేక ఇంటిల్లిపాది సుగ్గికి పోయినా, ఆ కష్టానికి ఒక కొస ఏటిలోనే ఉన్నది. గనుక ఈ నెల మన కుటుంబ పత్రికలో ఈ సంగతిని కొంచెము వివరముగా ఆలోచిద్దాము.

ఎక్కడి నీళ్ళు ఇవి?

మనము హగరి అని పిలిచే ఏటికి పై ఊళ్ళలో వేదావతి అని పేరు. కర్ణాటకలో చిక్కమగళూరు జిల్లా బాబాబుడన్ కొండలలో వేద, అవతి అనే రెండు చిన్న ఏళ్ళు పుట్టి, కడూరు దగ్గర కలిసి వేదావతి అవుతాయి. అక్కడినుండి చిత్రదుర్గ జిల్లాలోనికి వచ్చి, హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరములో ఆగుతుంది. తరువాత అనంతపురం జిల్లాలో దిగి, రాయదుర్గం ప్రాంతములో 1961లో పూర్తయిన భైరవానితిప్ప ప్రాజెక్టును దాటి, కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల మీదుగా బళ్ళారి జిల్లాలోనికి పోతుంది. మన హాలహర్వి మండలములోని గూళ్యం వంటి గ్రామాలను తాకుతూ పోయి, చివరకు సిరుగుప్ప తాలూకాలో తుంగభద్రలో కలుస్తుంది.

ఏరు రాష్ట్రాల గీతలను చూడదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడేవరకు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలోనే ఉండేవి. గీత మారినది గాని ఏరు ఒక్కటే. పై వాళ్ళు ఏమి చేసినా కింది వాళ్ళు అనుభవించవలసినదే. మనము చేసినది మన కింది వాళ్ళు అనుభవిస్తారు.

ఏరు రూపము ఎందుకు మారుతుంది?

రూపము మారడము ఏటికి జబ్బు కాదు, అది దాని స్వభావమే. ఏరు మోసేది నీళ్ళు మాత్రమే కాదు. నీళ్ళతోపాటు రాయి, ఇసుక, ఒండ్రు మోస్తుంది. నీళ్ళకు ఎంత వేగమున్నదో అంత బరువు ఎత్తుకుంటుంది. వేగము తగ్గినచోట దించిపెడుతుంది. వంపు తిరిగేచోట బయటి ఒడ్డున నీళ్ళు జోరుగా కొట్టి మట్టిని కోస్తాయి. లోపలి ఒడ్డున నెమ్మదిగా పారి ఇసుక మేట వేస్తాయి. అందుచేత వంపు సంవత్సర సంవత్సరానికి పక్కకు జరుగుతుంది. ఒడ్డు రైతులు, "ఈ గట్టున నా మడి పోయింది, ఆ గట్టున ఎవరికో తిన్నె లేచింది" అంటారు గదా, శాస్త్రజ్ఞులు చెప్పేదీ అదే.

నీళ్ళు, ఇసుక, గట్టు మీది చెట్టు, ఈ మూడింటి మధ్య ఒక తూకము ఉంటుంది. చెట్ల వేళ్ళు గట్టును పట్టుకుంటాయి. ఏటా వచ్చే చిన్న వరద పాత ఇసుకను కదిపి కొత్త ఇసుకను పరుస్తుంది. ఈ మూడింటిలో ఒకదాన్ని తీసేస్తే మిగిలిన రెండూ కుదురుగా ఉండవు. తక్కెడలో ఒక రాయి తీసినట్లే.

గాయము ఎక్కడ పడినది?

మొదటిది, అడ్డుకట్టలు. వాణీవిలాస సాగరము 1907లో పూర్తయినది. దాని కింద, పైన వందలాది చెరువులు, ఆనకట్టలు ఉన్నాయి. అవి లక్షలమందికి అన్నము పెట్టినవి, వాటిని తప్పుపట్టలేము. కాని కట్ట వెనుక నీళ్ళతోపాటు ఇసుక కూడా ఆగిపోతుంది. ఏటేటా వచ్చి ఏటిని కడిగే చిన్న వరద రాకుండా పోతుంది. వాణీవిలాస సాగరము 1933లో నిండి పొర్లిన తరువాత మళ్ళీ పొర్లినది 2022లోనే. అంటే 89 సంవత్సరాలు! ఒక మనిషి పుట్టి, ముసలివాడై, ఆ కట్ట పొర్లడము చూడకుండానే కన్నుమూసి ఉండవచ్చు.

రెండవది, కంపచెట్లు. మనము సర్కారు తుమ్మ అనే ఈ చెట్టు అమెరికా ఖండములది. మన దేశములో దీనిని మొదట నాటినది 1877 ప్రాంతములో, మన పక్కనే కడప జిల్లా కమలాపురములో అని అటవీ గ్రంథాలు చెపుతాయి. వంటచెరకుగా ఎందరి పొయ్యో వెలిగించినది. అయితే వరద రాని ఏటి నడుమ అది వేరు పాతుకుంటే దారి ఇరుకవుతుంది. చాలా సంవత్సరాల తరువాత పెద్ద నీళ్ళు వచ్చినప్పుడు, ఆ కంపను తప్పుకుని పక్కనున్న పొలము మీదికి తిరుగుతాయి.

మూడవది, గాలి. ఎండిన ఏటి ఇసుకను నైరుతి గాలి ఎత్తి ఒడ్డు మీద పోస్తుంది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలము దర్గా హొన్నూరు దగ్గర హగరి ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరిగి, చూసేవారికి రాజస్థాన్ ఎడారి జ్ఞాపకము వస్తుంది. సాగు చేసుకునే నేల ఇసుక కిందికి పోయినప్పుడు రైతు ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

నాలుగవది, మనిషి తవ్వే గుంత. ఏటి నడుమ లోతుగా తవ్వితే వచ్చే నీళ్ళు ఆ గుంత అంచు మీదినుండి జారి, అంచును కోసుకుంటూ పైకి పైకి పోతాయి. అలా గుంత లేనిచోట కూడా ఏటి అడుగు దిగిపోతుంది. అడుగు దిగితే గట్టు ఎత్తు పెరిగి, కాలు జారిన మనిషివలె కూలుతుంది. వంతెన పునాదులు బయటపడతాయి. ఒడ్డు బావులలో నీటిమట్టము కూడా ఏటి అడుగుతోపాటు దిగుతుంది.

ఈ నాలుగు గాయాల మీద ఒక పెద్ద వరద వస్తే ఏమగునో మన ప్రాంతము చూసినది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతములో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, ప్రాణాలు పోయినవి; పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్ళ పొలాల మీద ఇసుక మేటలు వేసినవి. 2022లో వేదావతి వరద కాలములో బళ్ళారి దగ్గర తుంగభద్ర దిగువ కాలువను ఏటి మీదుగా దాటించే అక్విడక్టు స్తంభము దెబ్బతిన్నది. ఆ కాలువ నీళ్ళ మీద ఆధారపడిన కర్నూలు జిల్లా రైతులు ఎంత ఆందోళన పడ్డారో మనకు తెలుసు. నీళ్ళు లేక ఏడ్చిన ఏటి పక్కనే, నీళ్ళు వచ్చి ఏడ్వవలసి వచ్చినది.

ఇసుక ఒక నీళ్ళ తొట్టి

పెద్దవాళ్ళు ఏటిలో చెలమ తీసి, తేటనీరు ఊరేదాకా కూర్చుని, కడవ నింపుకునేవారు. ఒడ్డు రైతులు ఇసుకలోనే ఊటకాలువలు తవ్వి మడి పారించేవారు. మన సంఘాలలో బాప్తిస్మము ఇచ్చుటకు ఒకప్పుడు ఏటి మడుగుకే పోయేవారని పెద్దలు చెపుతారు. నేడు మేము చాలాచోట్ల సిమెంటు తొట్టిలో ట్యాంకరు నీళ్ళు పోయించుకోవలసి వస్తున్నది.

ఎండిన ఇసుకలో నీళ్ళు ఎక్కడివి అని అనుకోవద్దు. చిన్న లెక్క వేద్దాము. ఏరు 100 మీటర్ల వెడల్పు, ఒక కిలోమీటరు పొడవు, ఇసుక ఒక మీటరు లోతు అనుకుంటే అది ఒక లక్ష ఘనమీటర్ల ఇసుక. ముతక ఇసుక నిండుగా తడిసినప్పుడు, తోడుకోవడానికి వచ్చే నీరు సుమారుగా అయిదవ వంతు ఉంటుంది. అంటే 20 వేల ఘనమీటర్లు, రెండు కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున, 2,000 మంది ఉన్న ఊరికి ఇది దాదాపు ఆరు నెలల నీళ్ళు! మూడు ఘనమీటర్లు పట్టే ఒక ట్రాక్టరు ట్రక్కు ఇసుక పోతే, 600 లీటర్లు నిలిచే చోటు పోయినట్లే.

"గుంత పెడితే అందులో కూడా నీళ్ళు నిలుస్తాయి గదా?" అని కొందరు అడుగుతారు. నిలుస్తాయి. అయితే మన ఎండకు తెరచి ఉన్న నీళ్ళు ఆవిరైపోతాయి. అడుగున ఒండ్రు పేరుకుని, కిందికి ఇంకకుండా మూసివేస్తుంది. ఇసుకలో రెండు మూడు అడుగుల కింద దాగిన నీటిని ఎండ అంత సులభముగా తాకలేదు. పైగా నీళ్ళు నిండిన తరువాత గుంత ఎక్కడున్నదో కనబడదు. ఈతకు దిగిన పిల్లలు అలాంటి గుంతలలో మునిగి చనిపోయిన వార్తలు మనము ప్రతి వానాకాలము చదువుతూనే ఉన్నాము.

ఇక్కడ ఒక మాట న్యాయముగా చెప్పవలెను. ఇల్లు కట్టుకునే పేదవానికి ఇసుక కావాలి. ఎద్దుల బండి తోలి బ్రతికేవానికి ఆ కూలి కావాలి. వారిని దొంగలుగా చూడడము మన పని కాదు. బండి తీసినది వరద పూడుస్తుంది. యంత్రము ఒక రాత్రిలో తీసినది, పై కట్టల వెనుక ఇసుక ఆగిపోయిన ఏటిలో, ఎన్ని సంవత్సరాలకు పూడుతుందో చెప్పలేము. తేడా అక్కడున్నది.

కోలుకున్న నదులు

రాజస్థాన్‌లో అల్వార్ జిల్లా మనకంటె సుఖమైన నేల కాదు. అక్కడ అర్వరి అనే 45 కిలోమీటర్ల చిన్న నది వానాకాలము పోగానే ఎండిపోయేది. 1980ల నడుమనుండి రాజేంద్ర సింగ్ అనే ఆయన, తరుణ్ భారత్ సంఘ్ అనే సంస్థ గ్రామస్థులతో కలిసి వంకల మీద, వాలుల మీద జొహాడ్లు అనే మట్టి కట్టలు వేయనారంభించారు. నదిలో ఎవరూ పని చేయలేదు, నదికి నీళ్ళిచ్చే కొండ వాలులలో చేశారు. పదేళ్ళలో, 1995 నాటికి, నది సంవత్సరమంతా పారినది. అంతటితో ఆగలేదు. ఎవరు ఎంత తోడాలి, ఏ పంట వేయాలి అని నిర్ణయించుటకు 1999లో డెబ్బయి గ్రామాల వారు ఒక "నదీ సంసదు" పెట్టుకుని, చెరకువంటి నీళ్ళు తాగే పంటలు వద్దనుకున్నారు. నీళ్ళు వచ్చిన తరువాత పోట్లాడుకోకుండా ఉండడమే అసలు పని అని వారికి తెలిసినది.

అమెరికాలో ఫ్లోరిడాలో కిస్సిమ్మీ అనే నది 103 మైళ్ళ పొడవున వంకరలు తిరిగి పారేది. వరదలు త్వరగా పోవాలని 1962 నుండి 1971 వరకు దాన్ని 56 మైళ్ళ తిన్నని కాలువగా తవ్వారు. వరద తగ్గినది గాని చిత్తడి నేలలు ఎండి, నీటిపక్షులు పదింట తొమ్మిదికి పైగా పోయినవి. మళ్ళీ 1999లో మొదలుపెట్టి 2021 వరకు, 22 మైళ్ళ కాలువను పూడ్చి, పాత వంకరలలో నీళ్ళు వదిలారు. పక్షులు, చేపలు తిరిగి వచ్చినవి. తవ్వడానికి తొమ్మిదేళ్ళు, సరిదిద్దడానికి ఇరవై రెండేళ్ళు! చెరచడము సులభము, బాగుచేయడము ఖరీదు.

ఈ రెండింటిలో మనకు పాఠము ఒక్కటే. ఏటికి చోటు, ఇసుక, కొంత వరద, కొంత కాలము వదిలితే అది తన రూపమును తానే తెచ్చుకుంటుంది. మొదట గరిక, రెల్లు పట్టుకుంటాయి. రెల్లు దగ్గర ఒండ్రు ఆగుతుంది. ఒండ్రులో చెట్టు మొలుస్తుంది. చెట్టు గట్టును పట్టుకుంటుంది. అయితే హగరి పూర్తిగా పాత ఏరు అవుతుందని మేము ఆశ పెట్టము. పైన కట్టలు ఉన్నాయి, అవి ఉంటాయి. కాని చెలమలో నీరు ఊరే ఏరు కాగలదు. మన ప్రాంతానికి అది చిన్న సంగతి కాదు.

మన చేతిలో ఉన్నది

హగరి మొత్తము మన చేతిలో లేదు గాని, హగరికి దిగే మన ఊరి వంక మన చేతిలో ఉన్నది. ఉపాధి హామీ పనులలో రోడ్డు పక్క మట్టి తీయడముకంటె, వంక పైభాగమున రాతి కట్టలు, కుంటలు, వాలుకు అడ్డముగా కందకాలు అడగవచ్చును. గ్రామసభలో నోరు తెరచి అడిగేవారు లేకనే చాలా పనులు జరుగవు.

గట్టు అంచువరకు దున్నకుండా కొన్ని గజాలు విడిచి కానుగ, నేరేడు, ఈత పెంచండి. ఆ అంచు నేల ఎటూ ఏటికి పోయేదే. చెట్టుకు ఇస్తే మిగిలిన మడి నిలుస్తుంది.

ఇసుక సంగతిలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము, దానినే వాల్టా అంటారు, మనకు ఒక ఆధారము. ఊరి తాగునీటి బావి, వంతెన దగ్గర తవ్వకము వద్దని పంచాయతీలో తీర్మానము చేయించండి. గుంత కనబడితే పిల్లలకు చూపించి హెచ్చరించండి.

చివరగా, బడికి పోయే పిల్లల చేతికి ఒక నోటుపుస్తకము ఇవ్వండి. నెలకొకసారి, పెద్దవారి తోడుతో, ఏటిలో ఒకే చోట చెలమ తీసి, ఎన్ని జానల లోతున నీరు తగిలినదో తేదీతో వ్రాయమనండి. అయిదు సంవత్సరాలు వ్రాస్తే, ఏరు కోలుకుంటున్నదో, క్షీణిస్తున్నదో ఏ ఆఫీసరూ చెప్పనక్కరలేదు. ఆ పుస్తకము తీసుకుని గ్రామసభలో నిలబడిన పిల్లవానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవడము పెద్దవాళ్ళకు కష్టము.