ఐదో మనిషి కావాలి

జర్మనీలోని మ్యూనిక్‌లో చదువుకునే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో శుక్రవారం సాయంత్రానికి ఒక కబురు తిరుగుతుండేది. రేపు ఫ్యూసెన్ వెళ్తున్నాం, నలుగురం తేలాం, ఇంకొకరు ఎవరైనా వస్తారా అని. ఆ వెతుకులాటకు కారణం బయర్న్ టికెట్. బవేరియా రాష్ట్రమంతా ఒక రోజు తిరగనిచ్చే ఈ టికెట్టు మీద ఐదుగురి దాకా ఎక్కవచ్చు. మొదటి మనిషికి పెద్ద మొత్తం, తర్వాత చేరేవాళ్లకు తలా కొంచెం. ఐదుగురూ కుదిరితే ఒక్కొక్కరి వాటా బాగా తగ్గుతుంది. అందుకే ఐదో మనిషి స్నేహితుడే కానక్కర్లేదు. కరీంనగర్ అబ్బాయిలు నలుగురి మధ్య పొద్దున్నే పరిచయమైన కాకినాడ అమ్మాయి సాయంత్రానికి అందరినీ ‘ఒరేయ్’ అనడం ఈ టికెట్టు పుణ్యమే.

ఇంతకన్నా ఉదారమైనది ఒకటి ముందే ఉండేది. 1995లో జర్మనీ రైల్వే తెచ్చిన వారాంతపు టికెట్టు 15 మార్కులకే ఐదుగురిని దేశమంతా తిప్పింది. ధర పెరుగుతూ పోయి 2019లో అది ఆగిపోయింది.

చవక ఊరికే రాదు. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ బండ్లు ఎక్కకూడదు. ప్రాంతీయ రైళ్లే గతి. మామూలు రోజుల్లో ఉదయం 9 దాటాకే టికెట్టు చెల్లుతుంది, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే. ఎప్పుడు బయల్దేరినా మర్నాడు తెల్లవారుజామున 3 వరకే. ప్రయాణికుల పేర్లు టికెట్టు మీద రాయాలి. ఇంటిపేరు, తాత పేరు, అసలు పేరు కలిసిన మనవాళ్ల పాస్‌పోర్టు పేరుకు టికెట్టు మీది గీత ఎక్కడ సరిపోతుంది! టికెట్టు లేకుండా దొరికితే మాత్రం 60 యూరోల జరిమానా.

ఫ్యూసెన్‌కు సుమారు రెండు గంటలు. కొన్ని బండ్లు నేరుగా వెళ్తాయి, కొన్నిటికి దారిలో మారాలి. పెట్టె నిండా పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లేవాళ్లే తెలివైనవాళ్లు; ఆదివారం జర్మనీలో దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. ఫ్యూసెన్‌లో దిగి బస్సెక్కితే హోహెన్‌ష్వాన్‌గావ్ అనే చిన్న ఊరు. అక్కణ్నుంచి నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు అరగంట పైనే ఎత్తు నడక. గుర్రబ్బళ్లున్నాయి గానీ వాటికి వేరే డబ్బులు. కోట లోపలికి గైడ్ వెంటే వెళ్లాలి. ప్రతి టికెట్టుకూ ఒక సమయం రాసి ఉంటుంది, అది దాటితే టికెట్టు పోయినట్టే. ఆ రోజు హడావిడంతా ఇక్కడే. రైలు ఇరవై నిమిషాలు ఆలస్యమైతే పరుగు, గుంపులో ఒకరు సెల్ఫీకి ఆగితే మిగతా నలుగురి తిట్లు.

రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టించిన ఈ కోట ఆయన 1886 జూన్‌లో చనిపోయేనాటికి పూర్తికాలేదు. ఏడు వారాలకే జనానికి తెరిచేశారు. ఏకాంతం కోరి కట్టుకున్న ఇంటికి ఇప్పుడు ఏటా పది లక్షల మందికి పైగా వస్తున్నారు. సింహాసనం లేని సింహాసన మందిరం చూసి నవ్వుకోనివారుండరు. అది చేయించకముందే రాజు పోయాడు. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఫోన్లన్నీ నిండేది లోయ మీది మరియన్‌బ్రూకె వంతెన దగ్గరే, కోట నిండుగా కనపడేదీ అక్కణ్నుంచే. 2025లో లుడ్విగ్ కట్టించిన మరో మూడు భవనాలతో కలిపి దీన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

కోటలు విసుగెత్తినవాళ్లు టేగర్న్‌జే సరస్సుకు పోతారు. ఆ దారిలో బండి హోల్ట్స్‌కిర్షెన్‌లో విడిపోయి తలో దిక్కుకూ వెళ్తుంది. ఏ పెట్టె ఎక్కడికో పైన బోర్డు మీద ఉంటుంది. కబుర్లలో పడి చూసుకోకపోతే ముగ్గురు సరస్సుకు, ఇద్దరు కొండలకు!

2023 మే ఒకటి నుంచి లెక్క మారింది. నెలకు 49 యూరోలతో మొదలై 2025లో 58కి పెరిగిన డాయిచ్‌లాండ్ టికెట్ దేశమంతటా ప్రాంతీయ రైళ్లకు, సిటీ బస్సులకు పనికొస్తుంది. చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులకు అదే ఇంకా చవగ్గా వస్తోంది. కానీ అది ఒక్కరికే. దాని మీద మరొకరిని వెంట తీసుకెళ్లడానికి లేదు. దాంతో ఎవరి టికెట్టు వాళ్లదే అయింది, నలుగురిని పోగుచేసే అవసరం తగ్గింది. సౌకర్యమే గానీ, కొత్తగా దిగిన విద్యార్థికి తోడు దొరికే ఒక దారి ఇరుకైంది. వేసవికి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం బయర్న్ టికెట్టే మేలు. రెండోది నెలవారీ చందా, సమయానికి రద్దు చేయకపోతే మరో నెల డబ్బులు పోతాయి.

రెండు టికెట్లూ సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ దాకా చెల్లుతాయి. 1756లో మోట్సార్ట్ పుట్టిన ఇల్లు అక్కడి గెట్రైడెగాసె వీధిలో 9వ నంబరు. వెళ్లేటప్పుడు పెద్దగా ఎవరూ అడగరు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం జర్మనీ పోలీసులు రైల్లోకొచ్చి కాగితాలు చూస్తుంటారు. 2015 సెప్టెంబరు నుంచి ఈ తనిఖీలున్నాయి. కాలేజీ కార్డు సరిపోదు, పాస్‌పోర్టూ రెసిడెన్స్ పర్మిట్ కార్డూ రెండూ జేబులో ఉండాలి.