ఊరు మారిన జట్టు

గద్వాలలోగాని, వనపర్తిలోగాని, నాగర్‌కర్నూలులోగాని ఒక పాఠశాల జట్టు పొరుగూరికి పోయి గెలిచి వచ్చినప్పుడు ఆ గెలుపు ఎవరిదన్న ప్రశ్న పుట్టదు. ఆడినవారు ఆ బడి పిల్లలు. ఆట నేర్పినవాడు ఆ బడి ఉపాధ్యాయుడు. జట్టే చేతులు మారే సొత్తయినప్పుడు మాత్రం ఆ ప్రశ్న తప్పదు. హైదరాబాదు ఫుట్‌బాలు జట్టు చరిత్రే ఇందుకు నిదర్శనం.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ పోటీలు ఆరంభమైనప్పుడు పుణె నగరానికి ఒక జట్టు ఉండేది. 2019లో అది మూతపడగా, దాని స్థానాన్ని హైదరాబాదు ఎఫ్.సి. అందుకొన్నది. గచ్చిబౌలిలోని బాలయోగి క్రీడాంగణం దాని నివాసమైనది. తొలి ఏడు పద్దెనిమిది ఆటలలో రెండింటిని మాత్రమే గెలిచి, జట్టు పట్టికలో అట్టడుగున నిలిచినది.

2020లో స్పెయిన్ దేశీయుడు మనోలో మార్క్వెజ్ శిక్షకుడుగా వచ్చిన పిమ్మట దాని తీరు మారినది. ఆ సంవత్సరం అరిదానె సంతానా 10 గోల్సు చేసినాడు. మరుసటి ఏడు బార్తలోమ్యూ ఓగ్బెచె వచ్చి చేరినాడు. 2002 ప్రపంచకప్పులో నైజీరియా పక్షాన ఆడిన అనుభవశాలి అతడు. 2021-22లో 18, ఆ తరువాతి ఏడు 10, వెరసి 28 గోల్సు చేసి, లీగులో హైదరాబాదు పక్షాన అందరికన్న మిన్నగా నిలిచినాడు. అంతకు ముందు అతడు మరి మూడు జట్లలో ఆడినాడు. నాలుగింటిలోను చేసినవి కలిపి 63. 2024-25లో సునీల్ ఛెత్రి దాటువరకు లీగు అంతటిలో అదే అగ్రసంఖ్య.

2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డాలో తుదిపోటీ జరిగినది. 68వ నిమిషంలో కేరళ జట్టు ముందంజ వేసినది. ఓటమి తప్పదనుకొన్న వేళ, 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు చేసి సమానం చేసినాడు. చివరకు పెనాల్టీలలో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని అడ్డుకొనగా, హైదరాబాదు 3-1తో విజేత అయినది.

ఇందులో ఒక విచిత్రమున్నది. కోవిడ్ కారణంగా ఆ ఏటి పోటీలన్నీ గోవాలోనే జరిగినవి. ఓగ్బెచె చేసిన ఆ 18 గోల్సులో ఒక్కటైనను హైదరాబాదు నేలపై చేసినది కాదు. జట్టుకు ఊరి పేరు ఉన్నది. ఊరివారికి మాత్రం ఆ ఆట కంటి ఎదుట కానరాలేదు.

2023 నుండి డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టినవి. పేరొందిన ఆటగాళ్ళు వెడలిపోయినారు. 2023-24లో ఇరువదిరెండు ఆటలలో దక్కిన గెలుపు ఒక్కటే. 2024లో యాజమాన్యం మారినది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అన్న పేరు ధరించినది. ఆ 28 గోల్సును ఇక ఏ ఊరి పద్దులో వ్రాయవలెను?

హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్ర 2019లో మొదలైనది కాదు కనుక, ఈ ప్రశ్నకు నిరాశ పడనక్కరలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో పాఠాలు చెప్పినవాడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందినది. 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచినది.

ఆనాటి ఆటగాళ్ళును ఊళ్ళు మారినవారే. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళినాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీపైన, పెరూపైన గోల్సు చేసినాడు. అతడు ఎంతదూరం పోయినను, ఆట నేర్చిన నేల ఏదో ఎవరును మరువలేదు.

జట్టును కొనవచ్చును, పేరు మార్చవచ్చును, మరొక నగరానికి తరలింపవచ్చును. సాయంకాలం బడి విడిచిన తరువాత పిల్లల చేతికి బంతినిచ్చి, మరొక గంటసేపు మైదానంలో నిలిచే ఉపాధ్యాయుని శ్రమ ఒక్కటే ఊరిలో నిలిచిపోయే ఆస్తి.