ట్రావెల్ ఏజెంటు కొలువులో ‘ఉచిత ప్రయాణం’: ఎవరికి, ఎంతవరకు?

నోయిడా: ‘మంచి జీతం, దానితోపాటు ఉచిత విదేశీ యాత్రలు’. పర్యాటక రంగంలోని ఉద్యోగ ప్రకటనల్లో తరచూ కనిపించే మాట ఇది. నోయిడాలోని ట్రావెల్ కార్యాలయాల్లోనూ, రాత్రివేళ అమెరికా ప్రయాణికుల ఫోన్లకు బదులిచ్చే కాల్ సెంటర్లలోనూ కొలువు కోసం తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చే యువతను ఈ మాట సహజంగానే ఆకర్షిస్తుంది. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఆ రాయితీ ఎవరు ఇస్తారు, ఏ షరతులపై ఇస్తారు, దానిపై పన్ను ఎవరు చెల్లిస్తారు అన్నది తెలుసుకోకుండా దాన్ని జీతంలో భాగంగా లెక్కవేసుకుంటే చివరకు నష్టపోయేది ఉద్యోగే.

రాయితీ ఎందుకు ఇస్తారు?

విమానం బయలుదేరాక మిగిలిపోయిన సీటుకు విలువ ఉండదు. హోటల్‌లో రాత్రంతా ఖాళీగా ఉన్న గది సంగతీ అంతే. అలా మిగిలే సీటును, గదిని ఏజెంటుకు తక్కువ ధరకు ఇస్తే సంస్థకు పెద్దగా నష్టం ఉండదు. పైగా ఆ ఏజెంటు తాను స్వయంగా చూసిన చోటును ఖాతాదారులకు నమ్మకంగా చెప్పగలుగుతారు.

దీనికి చార్‌ధామ్ యాత్రే మంచి ఉదాహరణ. కేదార్‌నాథ్ ఆలయం సముద్రమట్టానికి 3,500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. గౌరీకుండ్ నుంచి సుమారు 16 కిలోమీటర్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న వృద్ధ దంపతులు రాజమహేంద్రవరం నుంచి ఫోన్ చేసి ‘మేము వెళ్లగలమా?’ అని అడిగినప్పుడు, ఆ దారిలో నడిచిన ఉద్యోగి ఇచ్చే సమాధానానికీ, తెర మీద చూసి చదివే ఉద్యోగి ఇచ్చే సమాధానానికీ ఎంతో తేడా ఉంటుంది. సంస్థలు ఉద్యోగులను యాత్రలకు పంపడంలోని ప్రధాన ఉద్దేశం ఇదే.

రాయితీల్లో రకాలు

మొదటిది పరిచయ యాత్ర. ఈ రంగంలో దీన్ని ‘ఫ్యామ్ ట్రిప్’ అంటారు. పర్యాటక మండళ్లు, హోటళ్లు, విమానయాన సంస్థలు కలిసి దీన్ని ఏర్పాటు చేస్తాయి. ఇది విహారం కాదు. హోటళ్లలో గదుల పరిశీలన, స్థానిక నిర్వాహకులతో సమావేశాలు, తిరిగి వచ్చాక నివేదిక రాయడం వంటి బాధ్యతలు ఉంటాయి. సాధారణంగా కుటుంబ సభ్యులకు ఇందులో చోటుండదు.

రెండోది విమాన టికెట్లపై ఏజెంటు రాయితీ. 1945లో ఏర్పడిన అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐయాటా, గుర్తింపు పొందిన ఏజెన్సీల సిబ్బందికి ఇది వర్తిస్తుంది. ‘ఏడీ 75’ అనే పేరుతో మూల ధరపై 75 శాతం వరకు తగ్గింపు ఇచ్చే పద్ధతి చాలాకాలంగా ఉంది. అయితే ఇది హక్కు కాదు. ఇవ్వాలా వద్దా అన్నది విమాన సంస్థ నిర్ణయం. తగ్గింపు మూల ధరకే పరిమితం కావచ్చు కనుక, పన్నులు, రుసుములు కలిపాక చెల్లించాల్సిన మొత్తం అనుకున్నంత తక్కువగా ఉండకపోవచ్చు.

మూడోది శిక్షణతో ముడిపడినది. ఆస్ట్రేలియా పర్యాటక సంస్థ నిర్వహించే ‘ఆసీ స్పెషలిస్ట్’ ఆన్‌లైన్ శిక్షణ ఇందుకు ఉదాహరణ. నాలుగోది, అమ్మకాల లక్ష్యం చేరుకున్నవారికి ఇచ్చే ప్రోత్సాహక యాత్ర.

కమీషన్ తగ్గిన కాలం

ఏజెంట్ల ఆదాయం ఒకప్పుడు ప్రధానంగా విమాన టికెట్ల కమీషన్‌పైనే ఆధారపడేది. అమెరికాలో డెల్టా సంస్థ 1995లో కమీషన్‌కు గరిష్ఠ పరిమితి విధించింది, 2002లో మూల కమీషన్‌ను నిలిపివేసింది. భారత్‌లోనూ 9 శాతంగా ఉన్న కమీషన్ క్రమంగా తగ్గుతూ వచ్చి, 2008లో పలు సంస్థల్లో సున్నాకు చేరింది. అప్పటి నుంచి ఏజెన్సీలు సేవా రుసుము, హోటళ్లు, యాత్రా ప్యాకేజీలు, వీసా, బీమా సేవలపై ఎక్కువగా ఆధారపడుతున్నాయి. ఆదాయం ఇలా మారడంతో రాయితీలు కూడా అమ్మకాలు ఎక్కువగా ఉన్నవారి వైపే మొగ్గుతున్నాయి. కొత్తగా చేరిన ఉద్యోగికి తొలి ఏడాదే విదేశీ యాత్ర దక్కుతుందని ఆశించడం సరికాదు.

పన్ను మాటేమిటి?

వ్యాపారం లేదా వృత్తి కారణంగా అందే ప్రయోజనాల విలువ ఏడాదిలో రూ.20,000 దాటితే, ఇచ్చేవారు 10 శాతం పన్ను మినహాయించాలని ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 194ఆర్ సెక్షన్ నిర్దేశించింది. ఇది 2022 జులై 1న అమల్లోకి వచ్చింది. దీనిపై కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు జారీ చేసిన సర్క్యులర్, లక్ష్యాలు చేరినందుకు ఇచ్చే యాత్రలను ప్రయోజనాలుగానే పేర్కొంది. ఉత్పత్తి గురించి అవగాహన కల్పించే వ్యాపార సదస్సులకు మినహాయింపు ఇచ్చినా, అందులోని విహార భాగానికి, వెంట వచ్చే కుటుంబ సభ్యుల ఖర్చుకు అది వర్తించదని స్పష్టం చేసింది.

ఉదాహరణకు ఒక ఏజెంటుకు రూ.80,000 విలువైన ప్రోత్సాహక యాత్ర దక్కిందనుకుందాం. రూ.8,000 పన్ను ముందే జమ కావాలి. ఆ యాత్ర విలువ ఆయన ఆదాయంలో కూడా కలుస్తుంది. యాత్ర ఏజెన్సీకి దక్కి, దాన్ని ఉద్యోగి వినియోగించుకుంటే, ఆ విలువను జీతంలో భాగంగా పరిగణించే అవకాశం ఉంది. చేతికి నగదు రాకపోయినా పన్ను భారం పడవచ్చన్నమాట.

కార్డు అమ్మితే అనుమానించాలి

‘డబ్బు కట్టండి, ఏజెంటు కార్డు పొందండి, ప్రపంచమంతా రాయితీపై తిరగండి’ అనే పథకాలతో అప్రమత్తంగా ఉండాలి. అమెరికాలో వైటీబీ అనే సంస్థ ఇలాంటి పద్ధతిలో సభ్యులను చేర్చుకుంటోందని, అది పిరమిడ్ పథకమని ఆరోపిస్తూ కాలిఫోర్నియా అటార్నీ జనరల్ 2008లో దావా వేశారు. మరుసటి ఏడాది ఆ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించి రాజీ కుదుర్చుకుంది. మన దేశంలో 2021 డిసెంబరులో ప్రకటించిన ప్రత్యక్ష విక్రయాల నియమాలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. అసలైన ఏజెంటు టికెట్లు, ప్యాకేజీలు అమ్మి సంపాదిస్తారు, కొత్త సభ్యులను చేర్చి కాదు.

చేరే ముందు అడగాల్సినవి

ఈ రంగంలో చదువుకోవాలనుకునేవారికి కేంద్ర పర్యాటక శాఖ పరిధిలోని భారత పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ అందుబాటులో ఉంది. గ్వాలియర్ ప్రధాన కేంద్రంగా ఉన్న ఈ సంస్థకు నోయిడా సెక్టార్ 62లోనే కాక నెల్లూరులోనూ ప్రాంగణం ఉంది.

ఉద్యోగ ప్రతిపాదన అందుకున్న అభ్యర్థులు కొన్ని విషయాలు లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రయాణ రాయితీ నియామక పత్రంలో ఉందా? ఎన్ని నెలల సర్వీసు తర్వాత వర్తిస్తుంది? యాత్రకు వెళ్లిన రోజులను సెలవుగా లెక్కిస్తారా, పనిగానా? వీసా, బీమా ఖర్చు, పన్ను ఎవరు భరిస్తారు? యాత్ర తర్వాత ఉద్యోగం మానితే ఖర్చు తిరిగి వసూలు చేస్తారా?

వీటికి స్పష్టమైన సమాధానం లభించేవరకు రెండు ఉద్యోగాలను పోల్చేటప్పుడు నెలవారీ జీతాన్నే ప్రాతిపదికగా తీసుకోవడం మంచిది. యాత్ర లభిస్తే అది అదనపు లాభం, ఇంటి అద్దె మాత్రం జీతం నుంచే కట్టాలి.